చెట్లు పగబట్టిన కథ

భయపెట్టే సినిమాలకు సైన్సు పత్రికలో పని ఏమిటని పాఠకులు అడుగవచ్చును. 2008 జూన్ 13న విడుదలైన ‘ది హ్యాపెనింగ్’ అనే అమెరికన్ చిత్రంలో కథానాయకుడు సైన్సు మాస్టారు, హంతకులు చెట్లు. కనుక ఇది మన పనే. దర్శకుడు మనోజ్ నైట్ శ్యామలన్ 1970లో మాహేలో పుట్టి, ఫిలడెల్ఫియా పరిసరాలలో పెరిగినవాడు. ‘ది సిక్స్త్ సెన్స్’ (1999) నాటినుండి ఆయన చిత్రాలను ఒకటికి నాలుగుసార్లు చూస్తూ వచ్చిన నావంటివారికి ఇది కలిగించిన నిరాశ చిన్నది కాదు.

న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో ఒక ఉదయం జనం ఉన్నట్టుండి నిలిచిపోతారు. మాట తడబడుతుంది, తమను తామే చంపుకొంటారు. ఈ వింత ఊరినుండి ఊరికి వ్యాపిస్తుంది. చెట్లు వదలే విషవాయువే దీనికి కారణమని ఒక నర్సరీ యజమాని ఊహిస్తాడు. తన మాటకు సాక్ష్యంగా పొగాకు మొక్కను చూపుతాడు.

ఆ సాక్ష్యం నిజమైనదే. మొగ్గతొలుచు పురుగు కొరికినప్పుడు పొగాకు మొక్క కొన్ని ఆవిరి పదార్థాలను విడుదల చేస్తుంది. ఆ వాసన పట్టుకొని ఒక జాతి కందిరీగ వచ్చి పురుగు శరీరంలో గ్రుడ్డు పెడుతుంది. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల ఆ పురుగును లోపలినుండి తినివేస్తుంది. ఆ పురుగుకు దగ్గర చుట్టమైన మరొక పురుగు కొరికితే వచ్చే వాసన వేరు. కందిరీగ అంతగా అటు పోదు. 1998లో ‘నేచర్’ పత్రికలో ప్రకటితమైన పరిశోధన ఇది. నోరులేని మొక్క తనను కొరికినది ఎవరో చెప్పగలుగుతున్నది! ఇంతకంటె గగుర్పాటు కలిగించే సంగతి ఏ దయ్యాల కథలో ఉన్నది?

శ్యామలన్ దీనిని రెండు మాటలలో చెప్పించి వదలివేశాడు. మొక్కల ఆవిరులు గాలిలో త్వరగా పలుచబడతాయి. అమెరికా పశ్చిమ ప్రాంతాలలోని సేజ్‌బ్రష్ అనే పొదపై జరిగిన ప్రయోగాలలో, గాయపడిన పొద హెచ్చరిక సుమారు 60 సెంటీమీటర్ల దూరం వరకే పనిచేసింది. ఇక్కడ మైళ్ళకొద్దీ విషం! గడ్డి కదలగానే మనుషులు గాలినుండి పారిపోతూ ఉంటే, ప్రేక్షకులకు నవ్వు వచ్చిందంటే వారి తప్పు లేదు.

ఒక్క ఘట్టం బాగున్నది. పొలంలో చావు తరుముకొస్తూ ఉండగా మాస్టారు (మార్క్ వాల్‌బర్గ్) శాస్త్రీయ పద్ధతిలోని మెట్లను వల్లించుకొని, పెద్ద గుంపులే ముందు బలి అవుతున్నాయని గుర్తించి జనాన్ని చీలుస్తాడు. ఇక ప్రయోగం మొదలవుతుందని నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆ తరువాత ఆయన ఒక కుండీలోని మొక్కను బ్రతిమాలుతాడు, అది ప్లాస్టిక్కుదట. చివరకు ఒంటరిగా ఉన్న ముసలమ్మ కూడా బలి అయినది. గుంపుల ఊహ ఏమైనట్లు? ఎవరికీ పట్టదు.

అసలు లోపం మొదటి తరగతి గదిలోనే ఉన్నది. తేనెటీగలు ఎందుకు మాయమవుతున్నాయని మాస్టారు అడిగితే, అది ప్రకృతి చర్య, మనకు పూర్తిగా ఎన్నటికీ అర్థం కాదని ఒక విద్యార్థి చెబుతాడు. మాస్టారు మెచ్చుకొంటాడు! సిద్ధాంతమంటే ఊరికే ఒక ఊహ అన్నట్లు కూడా మాట్లాడతాడు. నల్లబల్లమీద ఐన్‌స్టీన్ పేరిట, తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్ళే ఆయువన్న మాట ఉన్నది. అది ఆయన రచనలలో ఎక్కడా కనబడదు. వరి, గోధుమ, మొక్కజొన్నలకు తేనెటీగలతో పని లేదు కూడా.

‘ది సిక్స్త్ సెన్స్’లో ఉన్నవి దయ్యాలు. అయినా అక్కడ చనిపోయినవారు ఎవరికి కనిపిస్తారో, వారు ఉన్నచోట చలి ఎప్పుడు పుడుతుందో నియమాలున్నవి. రహస్యం తెలిసిన తరువాత మళ్ళీ చూస్తే, ముందటి ప్రతి దృశ్యమూ దానికి సాక్ష్యం చెబుతుంది. చూడనివారికోసం ఆ రహస్యం ఇక్కడ చెప్పను. దయ్యాలచేత నియమాలు పాటింపజేసిన దర్శకుడు చెట్లను మాత్రం ఇష్టం వచ్చినట్లు వదలివేశాడు.

విపత్తు దానంతట అదే ఆగిపోతుంది. కొన్ని నెలలకు పారిస్‌లోని ఒక తోటలో మళ్ళీ మొదలవుతుంది. అక్కడే ఎందుకో, అప్పుడే ఎందుకో, శ్యామలన్ కనీసం ఆ చెట్లకైనా చెప్పి ఉండవలసింది.