ప్రజ్ఞాపూర్ చిత్రకారుడి సినిమా

బి. నర్సింగరావు మెగాఫోన్ పట్టకముందు ఏమేం చేశారో తెలిస్తేగానీ ఆయన సినిమా పనితనం అంతుపట్టదు. 1946లో గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చిత్రకళ చదివారు. బొమ్మలు, ఫొటోలు, కవిత్వం, నాటకం, అన్నిట్లో చెయ్యి పెట్టారు. డెబ్భైల మొదట్లో ‘ఆర్ట్ లవర్స్’ పేరిట కుర్రకారును పోగేశారు. బుర్రకథలు చెప్పుకునే ఒక యువకుణ్ణి పాటలు రాయమని ఉసిగొల్పింది ఆయనే. ఆ యువకుడే గద్దర్! ఇంకెవరికైనా ఈ ఒక్క ఘనతే జీవితమంతా చెప్పుకోవడానికి సరిపోయేది.

దర్శకుడు కావాలని మాత్రం ఆయన తొందరపడలేదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా ‘మా భూమి’ తలపెట్టినప్పుడు జి. రవీంద్రనాథ్‌తో కలిసి నిర్మాతగా నిలబడి, దర్శకత్వం కోల్‌కతా నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్‌కి అప్పజెప్పారు. గొంగడి వేసుకుని గద్దర్ పాడుతుంటే తెలంగాణ తన గొంతు తాను తెరమీద విన్నది. అప్పటిదాకా మన యాస కమెడియన్లకూ రౌడీలకూ మాత్రమే దక్కిన సంగతి మరిచిపోగలమా?

1983లో ‘రంగుల కల’తో తనే దర్శకుడయ్యారు, చిత్రకారుడి వేషమూ తనే వేశారు. ఇక ‘దాసి’ (1988)! నా మట్టుకు తెలుగులో అంతకు మించిన సినిమా లేదు. 1920ల నాటి గడీ. దొరకు, దొరసానికి, వచ్చిన చుట్టాలకు ఊడిగం చేసే కమలాక్షి (అర్చన). ఆమె కష్టం చెప్పడానికి సంభాషణల మోత అక్కర్లేదనుకున్నారాయన. ఎవరో పిలుస్తారు, ఆమె వెళ్తుంది. మరెవరో పిలుస్తారు, మళ్లీ వెళ్తుంది. దొరవల్ల నిలిచిన కడుపును గడీయే తీయించే వేళకు అర్చన ముఖమే కథంతా చెప్పేస్తుంది. ఎ.కె. బిర్ కెమెరా, వైకుంఠం కళ, సుదర్శన్ దుస్తులు, అర్చన నటన, ఉత్తమ తెలుగు చిత్రం: ఐదు జాతీయ అవార్డులు! తెలంగాణ ఆడవాళ్లను జీవితమంతా గీసిన వైకుంఠం చేతికి గడీని అప్పగించాలన్న ఆలోచన బొమ్మలు వేసేవాడికే వస్తుంది. ఆ తర్వాత ‘మట్టి మనుషులు’లో పొట్ట చేతబట్టుకుని పట్నమొచ్చిన కూలీల వెంట నడిచారు.

ఇప్పుడేమో తెలంగాణ సినిమా అంటే ఓ కల్లు కాంపౌండు, ఓ దావత్, నాలుగు తిట్లు, పైనుంచి డ్రోన్ షాటు! యాసను మసాలాలా చల్లి, అదే మన సంస్కృతి అని అమ్ముతున్నారు. ఊరి మనిషి ఎట్లా కూర్చుంటాడో, దొర ముందు ఎట్లా నిలబడతాడో చూసే ఓపిక వీళ్లలో ఎంతమందికి ఉంది? కెమెరా కొనుక్కున్న మర్నాడే డైరెక్టర్ అయిపోవాలన్న ఆత్రం చూస్తే కడుపు మండుతుంది.

సొంత రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. ప్రభుత్వం నర్సింగరావు సినిమాలన్నిటినీ మంచి ప్రింట్లతో జిల్లా జిల్లాకూ తీసుకెళ్లాలి. రవీంద్రభారతిలో సన్మానాలు, శాలువాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు గజ్వేల్‌లో తెర కట్టి ‘దాసి’ వేయండి.