ఇంటిపేరు మారిన పాత్ర: అవంతిక నటజీవితంపై కొన్ని ఆలోచనలు

కోట్లాది మంది చూసే తెర మీద ఎవరు కనిపించాలి, ఏ యాసలో మాట్లాడాలి, ఎవరిని చూసి ఎవరు నవ్వాలి అన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అది సంస్కృతి మీద పెత్తనానికి సంబంధించిన ప్రశ్న. అందుకే అమెరికన్ టెలివిజన్‌లో, సినిమాలో పేరు తెచ్చుకున్న తెలుగమ్మాయి అవంతిక వందనపు నటజీవితాన్ని రంగుపేజీలకు వదిలేయకుండా విమర్శకు పెట్టడం అవసరమని నేను భావిస్తున్నాను.

ముందు వివరాలు చూద్దాం. అవంతిక 2005లో కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టింది. 2014లో ఉత్తర అమెరికాలోని పిల్లల కోసం జరిపిన ఒక హిందీ నాట్యపోటీ టీవీ కార్యక్రమంలో రెండో స్థానం పొందింది. 2016లో 'బ్రహ్మోత్సవం'తో తెలుగు తెరకు వచ్చింది. అదే ఏడాది 'ప్రేమమ్', మరుసటి ఏడాది 'రారండోయ్ వేడుక చూద్దాం' చిత్రాల్లో నటించింది. 2021లో డిస్నీ ఛానెల్ చిత్రం 'స్పిన్'లో ప్రధాన పాత్ర ధరించింది. ఆ ఛానెల్ సొంత చిత్రాల్లో భారతీయ అమెరికన్ బాలిక కథకు కేంద్రం కావడం అదే మొదలు. 2024లో 'మీన్ గర్ల్స్' చిత్రంతో ప్రపంచమంతటికీ తెలిసింది.

ఈ వరుసలో మొదట ఆలోచించవలసినది అమెరికా గురించి కాదు, మన గురించి. 'ప్రేమమ్'లోనూ, 'రారండోయ్'లోనూ అవంతికకు దక్కింది నాయిక బాల్యం. నాయిక పెద్దదయ్యేసరికి ఆ పాత్ర మొదటి చిత్రంలో మడోన్నా సెబాస్టియన్‌కు, రెండో చిత్రంలో రకుల్ ప్రీత్ సింగ్‌కు వెళ్ళింది. తెలుగు సినిమాలో తెలుగు పిల్లకు నాయిక బాల్యం దక్కుతుంది, యవ్వనం దక్కదు. ఇందులో మలయాళీ అమ్మాయిదో పంజాబీ అమ్మాయిదో తప్పు లేదు. వాళ్ళూ పొట్టకూటి కోసం, కళ కోసం వచ్చినవాళ్ళే. నాయికను రంగుతో కొలిచి, మాటను అరువు గొంతుతో నింపుకొనే పెట్టుబడిది ఆ తప్పు.

ఇక అమెరికాకు వద్దాం. 1937లో 'గుడ్ ఎర్త్' చిత్రం తీసినప్పుడు చైనా రైతుస్త్రీ పాత్రను చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు ఇవ్వలేదు. తెల్లజాతి నటి లూయిజ్ రైనర్‌కు ఇచ్చారు, ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. అన్నా మే వాంగ్ 1951లో ఒక టెలివిజన్ ధారావాహికలో ప్రధాన పాత్ర ధరించింది. కానీ అది తలుపు తెరవడం కాలేదు, కిటికీ సందు మాత్రమే అయింది. 1990లో 'సింప్సన్స్' కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారుడు ప్రవేశించాడు. అతనికి గొంతు అరువిచ్చినవాడు హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. ఆ యాసను అనుకరించి బడుల్లో పిల్లలు మన పిల్లలను ఏడిపించారు. దానిపై 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ చేసినవాడు హరి కొండబోలు, తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యకారుడు. 2020లో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు.

ఈ మార్పు అమెరికన్ స్టూడియోల హృదయ పరివర్తన వల్ల వచ్చిందనుకుంటే అమాయకత్వం. 1965 వలస చట్టం చదువుకున్న ఆసియా వాసులకు తలుపు తీసింది. 1990 చట్టం హెచ్-1బి వీసాను తెచ్చింది. ఇంజనీర్లు వెళ్ళారు, పిల్లలు పుట్టారు, వాళ్ళు చందాలు కట్టే ప్రేక్షకులయ్యారు. మార్కెట్ తన అవసరం కొద్దీ రంగు గుర్తించింది. నల్లజాతి పౌరహక్కుల పోరాటం, అపు మీద వచ్చినట్టి నిరసన ఆ అవసరాన్ని తొందరపెట్టాయి. పోరాటమూ మార్కెట్టూ రెండూ కలిసి తీసిన తలుపు ఇది. ఒకదాన్నే చెప్పేవాళ్ళు సగం సత్యమే చెబుతున్నారు.

'స్పిన్'ను ఈ దృష్టితో చూడాలి. దర్శకురాలు మంజరి మకిజానీ, 'షోలే'లో సాంబాగా మనకు తెలిసిన మాక్ మోహన్ కూతురు. రియా అనే అమ్మాయి చదువు, కుటుంబపు హోటలు పనుల మధ్య సంగీతాన్ని కనుగొంటుంది. ఆమె కూర్చిన సంగీతాన్ని స్నేహితుడనుకున్న అబ్బాయి తనదిగా చెప్పుకుంటాడు. ఒక శ్రామికురాలి సృష్టిని మరొకరు కాజేయడం! వస్తువులో ఎంత బలముంది! కానీ చిత్రం దాన్ని ఇద్దరి మధ్య నమ్మకద్రోహంగా కుదించి, రంగుల వేడుకతో, కుటుంబ ఆప్యాయతతో కప్పేసింది. అవంతిక నటనలో మాత్రం ఆ దెబ్బ తిన్న క్షణం నిజంగా పలికింది. శిల్పం బలహీనమైన చోట నటి నిలబెట్టింది.

'మీన్ గర్ల్స్' ఇంకా ఆసక్తికరం. 2004 నాటి చిత్రంలో కారెన్ స్మిత్ అందమైన, తెలివితక్కువ తెల్లపిల్ల. 2024లో ఆమె కారెన్ శెట్టి అయింది. భారతీయ పిల్ల అంటే లెక్కలు, స్పెల్లింగ్ పోటీలు అన్న మూసను ఇది పగలగొట్టిన మాట నిజం. తెలివిగా ఉండి తీరాలన్న బాధ్యత నుంచి విముక్తి కూడా ఒక విముక్తే. అవంతిక హాస్యంలో కాలం తప్పని నేర్పు ఉంది. కానీ ఇంటిపేరు మారినంత మాత్రాన పాత్ర జీవితం మారిందా? శెట్టి ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏం తింటారు, ఎవరు పనిచేస్తారు అన్నది చిత్రానికి పట్టదు. పాత గోడకు కొత్త సున్నం.

అదే ఏడాది డిస్నీ కథానాయిక రపుంజెల్‌గా ఆమె నటిస్తుందన్న పుకారు లేచింది. ఆ కంపెనీ ఏమీ ప్రకటించకముందే ఆమె చర్మం రంగు మీద బూతులు కురిశాయి. మరోపక్క ఆమె ఒకచోట అమెరికన్ యాసలో, మరోచోట భారతీయ యాసలో మాట్లాడుతుందని మనవాళ్ళే వెటకారం చేశారు. రెండు యాసల మధ్య బతకడం వలసబిడ్డల నిత్యజీవితం. దాన్ని కపటమనడం అన్యాయం.

యాస సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. 1985 నాటి 'ప్రతిఘటన'లో తెలంగాణ యాస ప్రతినాయకుడి నోట పెట్టారు. సినిమా చాలాకాలం ఈ భాషను రౌడీకి, పనిమనిషికి, నవ్వించేవాడికి కేటాయించింది. అపు నోట పెట్టిన యాసకూ దీనికీ తేడా సముద్రం దూరం మాత్రమే. 2017లో 'ఫిదా' వచ్చి బాన్సువాడ పిల్ల నోట ఆ యాసను నాయిక భాష చేసింది. తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి దాన్ని నేర్చుకుని తన గొంతుతోనే పలికింది. భాష పుట్టుకతో మాత్రమే వచ్చేది కాదు, శ్రమతో కూడా వస్తుందని ఆమె రుజువు చేసింది. ఆ కథలో నాయిక అమెరికాకు పోనంటుంది కూడా!

ఈ విషయాలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులతో మాట్లాడినప్పుడు రెండు మాటలు విన్నాను. భూపాలపల్లిలో ఒక బొగ్గుగని కార్మికుని కొడుకు "ఆమె అక్కడ గెలిస్తే మనకు సంతోషం కాదా సార్?" అన్నాడు. మహబూబాబాద్‌లో ఒక లంబాడా అమ్మాయి "మన పిల్ల, మన పిల్ల అంటున్నరు గదా సార్, మా తండాల పుట్టిన పిల్లను టీవీల ఎన్నడన్న చూసిండ్రా?" అని అడిగింది. మొదటివాడి సంతోషం న్యాయమైనదే. రెండో పిల్ల ప్రశ్న అంతకన్నా న్యాయమైనది.

ఎందుకంటే నటనకు మన దగ్గర కొరత లేదు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ పొందాడు. చిందు మేళాల్లో ఆడవాళ్ళు గజ్జెకట్టి మగవేషాలు కూడా వేశారు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ పేరు ఎవరు మరిచిపోగలరు? పెద్ద కులాలు ఆడదాన్ని రంగస్థలం ఎక్కనివ్వని రోజుల్లో దళితస్త్రీ వీధిలో రాజై నిలిచింది. ఆ కళ ఆమెకు గౌరవం తేలేదు, కులవృత్తిగా మాత్రమే మిగిలింది. ఖండాలు దాటే నటనకు చదువు, తీరిక, పెట్టుబడి కావాలి. తండా పిల్లకు అవి అందవు.

అవంతిక సాధించింది చిన్నది కాదు. ఆమె మీద పడిన జాతిదూషణను మనం నిస్సంకోచంగా ఖండించాలి. కానీ ఒక నటి వెలుగును జాతి విజయంగా జెండా కట్టి ఊరేగించడం విమర్శ కాదు. కాలిఫోర్నియాలో రంగు అడ్డమైంది, మన దగ్గర రంగు, కులం, యాస మూడూ అడ్డమవుతున్నాయి. అక్కడి తలుపును తట్టిన చేతులను మెచ్చుకుంటూ ఇక్కడి తలుపుకు కాపలా కాస్తే అది ద్వంద్వనీతి. కారెన్‌కు శెట్టి అన్న ఇంటిపేరు పెట్టడానికి హాలీవుడ్‌కు ఇరవై ఏళ్ళు పట్టింది. మన తెర మీద నాయిక ఇంటిపేరు బానోత్ కావడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో రచయితలూ, దర్శకులూ, ప్రేక్షకులూ జవాబు చెప్పాలి.