రివర్స్ గేరుకు పనితనం

ఇసుక దిబ్బల మీద పరుగెత్తడానికి చేసిన నాలుగు చక్రాల స్పోర్ట్ ఏటీవీల్లో రివర్స్ గేరు అన్నిటికీ ఉండదు. 1999లో వచ్చిన హోండా టీఆర్‌ఎక్స్ 400 ఈఎక్స్‌కు అది 2005 మోడల్‌తోనే అమరింది. రేసులో వెనక్కి వెళ్ళే అవసరం అరుదు. లోయలో ముక్కు గుచ్చుకున్న బండిని చేత్తో లాగినవారికి మాత్రం దాని విలువ తెలుసు.

ఒకదానితో ఒకటి కలిసిన రెండు పళ్ళచక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. వాటి నడుమ మూడో చక్రం చేరితే చివరిదాని దిశ మారిపోతుంది. రివర్స్ గుట్టు ఇంతే. అసలు చిక్కు పొరపాటున ఆ గేరు పడకుండా చూడటం. అందుకే తాళం లాంటి ఒక అడ్డు ఉంటుంది. హ్యాండిల్ దగ్గరి మీటనో నాబ్‌నో లాగితే కేబుల్ ఆ అడ్డును తొలగిస్తుంది, అప్పుడే కాలి మీట రివర్స్‌లోకి దిగుతుంది.

ఇసుక, తుప్పు పట్టి మొరాయించేది ఆ కేబులే. చేయి తిరిగిన మెకానిక్ దాన్ని తీసేసి ఇంజను పక్కనే పొట్టి మీట బిగిస్తాడు, వదలగానే వెనక్కి వచ్చేలా స్ప్రింగు కడతాడు. పనితనమంతా ఆ స్ప్రింగులోనే ఉంది. అది బిగువుగా ఉంటే వేలు నొప్పి, వదులైతే అడ్డు సగమే పడుతుంది. కొందరు అడ్డునే పీకేస్తారు. అది పనితనం కాదు, తెంపరితనం. న్యూట్రల్ కిందే రివర్స్ ఉండే బండిలో, వేగంలో కాలు ఒక మెట్టు ఎక్కువ నొక్కితే గేరు పళ్ళు రాలిపోతాయి.