సిస్టరమ్మ వరస

కార్వేటినగరం చుట్టూ చెరుకు, మామిడి తోటలు. అక్కడి నర్సమ్మకు పాముకాటూ జ్వరమూ షుగరూ ఒకే పొద్దున ఎదురుకావచ్చు. గట్టిగా అరిచేవాడికి తొలి వంతు దొరకదు, అరుస్తున్నాడంటే ఊపిరాడుతున్నట్టే. మూల బెంచీ మీద చెమటలు పట్టి, మాట తడబడుతున్న షుగరు పెద్దాయన్ని ముందు చూస్తుంది. వేలు గుచ్చితే 70 కన్నా తక్కువ. మింగగలిగితే గ్లూకోజు నీళ్లు, లేకుంటే నరానికి సూది.

పాము కరిచినవాడి నెత్తురు గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి, గడ్డకడుతుందో లేదో తెలియాలంటే. ఆలోపు జ్వరాలు చూసుకుంటుంది. కన్ను మాత్రం అతని రెప్పల మీదే: అవి వాలితే నాగుపామో కట్లపామో, విషం ఊపిరికి ఎసరు పెడుతున్నట్టు. నాకు అబ్బురమనిపించేది ఈ పక్కచూపే.

ఇంతలో వేలు తెగినాయన, వరస తప్పించారని ఎగురుతాడు.

“గుడ్డ గట్టిగా అదిమి పట్టుకోన్నా, వస్తాండా.”