‘నైస్’ నడిచిన దారి

పదానికి అసలు అర్థం దాని పుట్టుకలోనే ఉంటుందనీ, తరువాత వచ్చిన మార్పులన్నీ భ్రష్టతేననీ నమ్మేవారు ప్రతి భాషలోనూ ఉంటారు. ఇంగ్లీషులోని ‘నైస్’ విషయంలో ఆ నమ్మకాన్ని పాటిస్తే, నేడు మెచ్చుకోలుగా చెల్లుతున్న ఆ మాట తిట్టేనని ఒప్పుకోవలసి వస్తుంది.

దీని మూలం లాటిన్‌లోని ‘నెస్కియుస్’. ‘నె’ వ్యతిరేకార్థకం, ‘స్కిరె’ అంటే ఎరగడం కనుక, ఏమీ ఎరగనివాడని భావం. ‘సైన్స్’ కూడా ఆ ‘స్కిరె’ నుంచి వచ్చినదే. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరిన ఈ మాటకు అప్పట్లో తెలివిమాలిన అనే అర్థం ఉండేది. అది క్రమంగా నాజూకుతనాన్నీ, ప్రతిదానికీ వంకపెట్టే తత్త్వాన్నీ సూచించి, వంకపెట్టే చూపు సన్నని తేడాలను పట్టగలదు కనుక, పదహారో శతాబ్దంలో సూక్ష్మం, నిశితం అనే అర్థాలకు చేరింది. మనసుకు నచ్చినదనే నేటి వాడుక పద్దెనిమిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో గాని కనిపించదు.

1817 చివర వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ అనే పాత్ర, ఈ మాటను అన్నిటికీ వాడేస్తున్నారని ఎగతాళి చేస్తూ, మొదట్లో ఇది పొందికకూ నాజూకుతనానికీ పరిమితమై ఉండవచ్చునంటాడు. అతడు మొదలనుకున్నది నిజానికి నడిదారిలోని మజిలీ మాత్రమే.

ఇలాంటి పొరపాటుకు విరుగుడుగానే 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు, చారిత్రక పద్ధతిని, అనగా ప్రతి అర్థాన్నీ కాలనిర్దేశంతో కూడిన ప్రయోగాల ద్వారా నిరూపించే విధానాన్ని అనుసరించింది. నిఘంటుకారుడి విద్యలో కఠినమైన నియమం ఇదే: ఏది ఒప్పో తీర్పు చెప్పక, ఏ కాలంలో ఏది చెల్లిందో చూపడం.

తెలుగులో ‘కంపు’ ఇందుకు ఎదురు దిశలో నడిచింది. ప్రాచీన కావ్యాలలో పరిమళమైనది నేడు దుర్గంధమైంది. ‘నైస్’ కూడా తెలుగు నోట కొత్త అర్థాలు పొందింది: పిండిని నైస్‌గా రుబ్బడమంటే మెత్తగా రుబ్బడం, నైస్‌గా జారుకోవడమంటే ఎవరికీ తెలియకుండా తప్పుకోవడం. ఇంగ్లీషు కొలతతో వీటిని తప్పుపట్టడం కంటే, ప్రయోగాలతో సహా తెలుగు నిఘంటువులో చేర్చడమే శాస్త్రీయం.