నీటి కుండీలో గాలి సేద్యం

ఆర్కిడ్ మొక్కలను మట్టి లేకుండా, పోషక లవణాలు కరిగించిన నీటి ఆధారంతో ఇంట్లో పెంచే విధానాన్ని హైడ్రోపోనిక్స్ అని పిలుస్తున్నప్పటికీ, అందులో పెంపకందారు నీటికన్నా ముందు కనిపెట్టి ఉండవలసింది వేళ్ల చుట్టూ ఆడే గాలిని. ఇళ్లలో తరచుగా కనిపించే ఫలెనాప్సిస్ జాతి ఆర్కిడ్‌లు అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతాయే గాని బదనికల మాదిరిగా ఆ చెట్ల సారాన్ని పీల్చవు. వాటి వేళ్లపై వేలమెన్ అనే పూత, అంటే జీవం లేని కణాలతో ఏర్పడిన స్పాంజి వంటి పొర, ఉంటుంది. వాన పడగానే నీటిని పీల్చుకుని, తర్వాత గాలికి ఆరిపోయే ఆ వేరు పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులోనూ, తడిసినప్పుడు ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. గాలి అందని తడిలో ఎక్కువ కాలం ఉంటే ఊపిరాడక కుళ్లుతుంది.

ఈ స్వభావానికి తగినట్లు రూపొందినదే సెమీ హైడ్రోపోనిక్స్. కుండీ అడుగు నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున పక్కగోడకు రంధ్రాలు పెట్టి, లోపల లెకా అని వ్యవహరించే కాల్చిన బంకమట్టి గుళికలను నింపితే, పోసిన నీటిలో ఎక్కువ భాగం రంధ్రాల గుండా బయటికి పోయి అడుగున కొంత మాత్రమే నిలుస్తుంది. గుళికల్లోని సన్నని రంధ్రాలు ఆ నీటిని పైకి లాగుతుండగా, గుళికల మధ్య ఉన్న ఖాళీల్లో గాలి నిలిచి ఉంటుంది.

అయితే బెరడు ముక్కల్లో, బొగ్గులో పెరిగిన పాత వేళ్లు ఈ తడికి అలవాటు పడలేక తరచుగా నశిస్తాయి కనుక, కొత్త వేళ్ల కొనలు తొంగిచూస్తున్న సమయంలోనే మొక్కను మార్చడం ఉత్తమం. గుళికలకు తమంతట తాముగా పోషక విలువ లేనందున ఎరువు పూర్తిగా నీటి ద్వారానే అందాలి. యూరియా మొక్కకు ఉపయోగపడాలంటే దానిని మార్చే సూక్ష్మజీవులు అవసరం. అవి గుళికల్లో తక్కువ కాబట్టి నైట్రేట్ రూపంలో నత్రజని ఉన్న ఎరువును, అది కూడా బాగా పలుచన చేసి వాడటం మేలు. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీటిని వాడితే, నీరు ఆవిరవుతున్న కొద్దీ పై గుళికలపై తెల్లని పొర పేరుకుని వేరు కొనలను మాడ్చుతుంది. వాన నీరు లేదా ఆర్వో నీరు వాడుతూ, అప్పుడప్పుడు కుండీని నిండుగా మంచినీటితో కడగడం దీనికి నివారణ. గుళికలు లేకుండా గాజు పాత్రలో నీళ్లు నింపి వేళ్లను వదిలే పద్ధతిని ఎంచుకున్నవారు వారం తిరగకముందే ఆ నీటిని పారబోసి పాత్రను తోమాలి; లేకుంటే అది డెంగీ దోమలకు నెలవవుతుంది.

ఎంత శ్రద్ధగా నీరు, ఎరువు అందించినా పూత మాత్రం వాతావరణంపై ఆధారపడి ఉంటుంది. కొన్ని వారాల పాటు ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటేనే ఫలెనాప్సిస్ సాధారణంగా పూకాడ వేస్తుంది కనుక, హైదరాబాదు చలికాలం దానికి అనుకూలం. విజయవాడ వేసవి రాత్రులు ప్రతికూలం.

ఇవన్నీ చూస్తే, ఈ పద్ధతి అందరికీ అవసరమని వాదించడం కష్టం. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో వర్ణించిన వాండా టెసెలేటా అనే ఆర్కిడ్ మామిడి కొమ్మలనే ఆధారంగా చేసుకుని పెరగగలదు. తీరప్రాంతపు తేమగాలిలో వాండాలను చెక్క బుట్టలో వేలాడదీసి, రోజూ నీళ్లు చల్లితే సరిపోతుంది. గాలి పొడిగా ఉండే నగరాల్లో, రోజూ నీళ్లు చల్లే తీరిక లేని ఇళ్లలో మాత్రం గుళికల కుండీ నిజమైన సౌకర్యం. వేరు కోరేది తడి, గాలి రెండూ అని గ్రహించినవారికే ఆ సౌకర్యం దక్కుతుంది.