ఇరవై వరుసలు చదవడానికి ఒక సాయంత్రం

గ్నూ గీక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్‌లోకి కొత్త ప్రోగ్రాం ఒకటి రావాలంటే ఎవరో ఒకరు దానికి ప్యాకేజీ నిర్వచనం రాయాలి. చాలాసార్లు అది ఇరవై ముప్పై వరుసలకు మించదు. పేరు, వెర్షన్, సోర్సు ఎక్కడ దొరుకుతుంది, దాని హ్యాష్ ఏమిటి, ఏ పద్ధతిలో బిల్డ్ చెయ్యాలి, అందుకు ఇంకా ఏమేం కావాలి, ఒక్క ముక్కలో పరిచయం, నాలుగు వాక్యాల వివరణ, లైసెన్సు. ఇదంతా స్కీమ్ భాషలో, కుండలీకరణాల మధ్య ఉంటుంది. కొత్తవాళ్లకు నేర్పడానికి మాన్యువల్లో గ్నూ హలో నిర్వచనాన్ని ఉదాహరణగా ఇస్తారు. తెర మీద ఒక పలకరింపు చూపించి ఊరుకునే ప్రోగ్రాం అది. దాని నిర్వచనం అర పేజీ కూడా పట్టదు.

ఎవరైనా రాసి పంపిన అలాంటి అర పేజీని సరిగ్గా చదవాలంటే ఒక సాయంత్రం పడుతుంది. ఆ చదివే పనిని సమీక్ష అంటాం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేటప్పుడు కోడ్ రాసినవాళ్లనే తలుచుకుంటాం. నా దృష్టిలో చదివేవాళ్ల పని దానికి సమానమైన విద్య. ఇన్‌స్టాల్ అని ఒక్క మాట కొట్టి నిశ్చింతగా ఉండే లక్షల మంది నమ్మకం నిలిచి ఉన్నది ఈ చదువు మీదే.

హ్యాష్ దగ్గర మొదలుపెడదాం. గీక్స్ నిర్వచనంలో సోర్సు చిరునామా పక్కన 52 అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. దించుకున్న ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస కలవదు, బిల్డ్ ఆగిపోతుంది. అందుకని హ్యాష్ ఉంటే చాలు, భద్రమే అనిపిస్తుంది. కాని హ్యాష్ చెప్పేది ఒకటే: నిర్వచనం రాసిన మనిషి చూసిన ఫైలు, మీకు వచ్చిన ఫైలు ఒకటేనని. ఆ ఫైలు మంచిదో కాదో అది చెప్పదు. కాబట్టి సమీక్షకుడు సోర్సును తానే స్వయంగా దించుకోవాలి, హ్యాష్ తానే లెక్క కట్టించి పోల్చాలి, విడుదల చేసినవాళ్లు సంతకం ఇచ్చి ఉంటే దాన్నీ సరిచూడాలి. గీక్స్‌కు మూలమైన నిక్స్‌లో ఇంకో చిక్కుంది. వెర్షన్ అంకె మార్చి హ్యాష్ మార్చడం మరిచిపోతే, పాత హ్యాష్‌కు సరిపోయే పాత సోర్సు అప్పటికే యంత్రంలో ఉంటుంది కనుక ఏ ఫిర్యాదూ లేకుండా బిల్డ్ అయిపోవచ్చు. పేరు కొత్తది, లోపల సరుకు పాతది. అన్నీ పచ్చగా కనిపిస్తున్నా రెండు వరుసలూ కలిసి మారాయా లేదా అని కళ్లతో చూసే మనిషి కావాల్సింది ఇలాంటి చోటే.

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడ్డాక ఈ పని బరువేమిటో అందరికీ తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే చిన్న సాధనం, దాదాపు ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉంటుంది. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నిర్వాహకుల నమ్మకం సంపాదించిన ఒక మారుపేరు మనిషి 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజినీరు ఆరా తీస్తే గుట్టు బయటపడింది. సమీక్షకులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటి ఇందులో ఉంది. విషం ముక్కలు పరీక్షా ఫైళ్ల రూపంలో గిట్ భాండారంలోనూ ఉన్నాయి. వాటిని బయటికి లాగి బిల్డ్‌లో కలిపే స్క్రిప్టు మాత్రం విడుదల చేసిన సోర్సు మూటలో, అంటే టార్‌బాల్లోనే ఉంది, గిట్‌లో లేదు. అందరూ చదవగలిగిన ప్రతి ఒకటి, అందరూ వాడిన ప్రతి వేరొకటి.

19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల చేత ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు రాయించాడు. టార్‌బాల్‌నూ గిట్ ట్యాగునూ పక్కపక్కన పెట్టి తేడాలు తీయడం అచ్చంగా ఆ జాతి పనే. తేడాల్లో చాలా వరకు నిరపాయకరమైనవి: ముందే తయారు చేసి పెట్టిన కాన్ఫిగర్ స్క్రిప్టులు, అనువాదాల ఫైళ్లు. వాటి మధ్యలోనే దొంగ దాక్కున్నాడు. అందుకే టార్‌బాల్ నుంచి తెస్తున్న నిర్వచనం వచ్చినప్పుడు, నేరుగా గిట్ ట్యాగు నుంచి ఎందుకు తీసుకోకూడదని అడగడం ఇప్పుడు మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు.

లైసెన్సు వరుసకు వద్దాం. పైకి ఇది అన్నిటికన్నా తేలిక. అసలు కష్టం ఇక్కడే. లైసెన్సు ఫైలు తెరిస్తే జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు మూడో వెర్షన్ పూర్తి పాఠం ఉంటుంది. నిర్వచనంలో జీపీఎల్ 3 అని రాసి పంపేస్తారు. కాని ‘మూడో వెర్షన్ మాత్రమే’ అన్నారా, ‘మూడు లేదా ఆ తర్వాతిది ఏదైనా’ అన్నారా అనేది ఒక్కో సోర్సు ఫైలు తలమీద ఉండే నాలుగు వాక్యాల్లో తెలుస్తుంది. గీక్స్‌లో రెండో దానికి చివర ఒక కూడిక గుర్తు ఉంటుంది. ఆ ఒక్క గుర్తు కోసం ఫైళ్లు తిరగేయాలి. తిరగేస్తుంటే ఒక మూల ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకున్న వేరే లైసెన్సు కోడ్ కనబడుతుంది. ఇంకో మూల మనుషులు చదవలేని విధంగా కుదించిన జావాస్క్రిప్టు ఉంటుంది, దాని అసలు రూపం ఎక్కడా ఉండదు. డెబియన్ అనే మరో డిస్ట్రిబ్యూషన్‌లో ప్రతి కొత్త ప్యాకేజీ ముందు ఒక వరుసలో నిలబడుతుంది, ఆర్కైవ్ చూసే బృందం ఫైళ్ల కాపీరైట్లు పరిశీలించాకే లోపలికి వదులుతుంది. ఆ నిరీక్షణ మీద విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆ బృందం పక్షమే.

తెలుగు చదివేవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. డెబియన్ వాడే యంత్రాల్లో తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్లలో లోహిత్ తెలుగు ఒకటి. రెడ్‌హ్యాట్ దాన్ని మొదట జీపీఎల్ కింద విడుదల చేసింది, 2011లో ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మార్చారు. ఫాంటు విషయంలో ఆ తేడా గట్టిదే. పీడీఎఫ్ తయారు చేసినప్పుడు ఫాంటు అందులో ఇమిడిపోతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు అయితే, ఆ ఫాంటుతో చేసిన పత్రానికి తన షరతులు అంటవని తేటగా చెబుతుంది. జీపీఎల్‌లో అలాంటి మాట ఉండాలంటే ప్రత్యేకంగా మినహాయింపు చేర్చుకోవాలి. కాబట్టి ఇలాంటి ఫాంటుకు వెర్షన్ పెంచే మార్పు వచ్చినప్పుడు, అంకె ఒక్కటే మారిందా, దాంతో పాటు లైసెన్సు కూడా మారిందా అని చూసే సమీక్షకుడు మన పుస్తకాలు అచ్చు వేసుకునేవాళ్లకు తెలియకుండానే మేలు చేస్తున్నాడు.

సోర్సు లోపల దాచిపెట్టుకున్న లైబ్రరీల సంగతి ఇంకొకటి. ప్రోగ్రాం రాసినవాళ్లు తమ సౌకర్యం కోసం జెడ్‌లిబ్ వంటి కుదింపు లైబ్రరీని కాపీ చేసి ఒక ఫోల్డరులో పెట్టేసుకుంటారు. 2022లో జెడ్‌లిబ్‌లో ఏళ్ల తరబడి ఉన్న లోపం ఒకటి 1.2.12 వెర్షన్‌తో సరిచేశారు. డిస్ట్రిబ్యూషన్ తన జెడ్‌లిబ్‌ను సరిచేస్తే దాన్ని వాడుకునే ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి. ఎవరి ఫోల్డరులో వాళ్లు దాచుకున్న కాపీలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. అందుకే సమీక్షలో ఆ ఫోల్డరును తీసేసి డిస్ట్రిబ్యూషన్‌లో అందరూ వాడేదాన్నే వాడమని అడుగుతారు.

ప్యాచ్‌ల విషయంలో జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. 2006లో డెబియన్‌లో ఒక నిర్వాహకుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తలేఖన లైబ్రరీకి చిన్న ప్యాచ్ వేశాడు. మెమరీని తనిఖీ చేసే సాధనాలు హెచ్చరిస్తున్నాయని కొన్ని వరుసలు తీసేశాడు. ఉద్దేశం మంచిదే, ముందుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగాడు కూడా. ఆ వరుసలతో పాటు యాదృచ్ఛికత అంతా పోయింది. మిగిలింది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే, అంటే ఒక్కో రకం తాళంచెవికి 32,768 అవకాశాలు. 2008 మే నెల దాకా ఎవరూ గుర్తించలేదు. ఆ రెండేళ్లలో డెబియన్, ఉబుంటు యంత్రాల్లో ఆ లైబ్రరీతో తయారైన తాళంచెవులన్నిటినీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి ప్యాచ్ కనిపిస్తే రెండు ప్రశ్నలు తప్పవు: ఇది ఎందుకు? అసలు రచయితలు దీన్ని చూసి, అర్థం చేసుకుని, తమ కోడ్‌లోకి తీసుకున్నారా? పరీక్షలు ఆపేసిన నిర్వచనానికీ ఇదే వర్తిస్తుంది. కారణం ఒక వ్యాఖ్యగా పక్కనే రాసి ఉండాలి.

యంత్రం చేసిపెట్టే పనులు కొన్ని ఉన్నాయి, వాటి మీద ఎక్కువసేపు నిలవక్కర్లేదు. గీక్స్ లింట్ రూపం తప్పులు పడుతుంది. బిల్డ్ అనేది నెట్‌వర్క్ లేని మూసిన గదిలో జరుగుతుంది కనుక చెప్పకుండా ఏదీ దించుకోలేదు. రెండుసార్లు బిల్డ్ చేయించి ఫలితం బిట్‌తో బిట్ కలుస్తుందో లేదో చూడొచ్చు. కలవకపోతే ఎక్కడో తయారైన తేదీయో, ఫైళ్ల క్రమమో లోపలికి దూరిందన్నమాట. ఒక ప్యాకేజీని మారిస్తే దాని మీద ఆధారపడినవి ఎన్ని మళ్లీ బిల్డ్ కావాలో అడగొచ్చు. 300 దాటితే విడిగా ఒక శాఖలో పెట్టి పరీక్షించడం అక్కడి ఆనవాయితీ.

యంత్రానికి చేతకానిది వివరణ. ప్రపంచంలోనే మేటి, సరికొత్త తరానిది లాంటి అమ్మకపు మాటలు గీక్స్ వివరణల్లో వద్దని మాన్యువల్ చెబుతుంది. ప్రోగ్రాం ఏం చేస్తుందో, ఎవరికి పనికొస్తుందో చెబితే చాలు. ఈ నియమం నాకు చాలా ఇష్టం. ఈ వివరణలు ఇతర భాషల్లోకి కూడా వెళ్తాయి. నీటుగా రాసిన వాక్యం ఏ భాషలోకైనా సులువుగా దిగుతుంది.

ఇక మాట తీరు. నిర్వచనం పంపినవాళ్లలో చాలామందికి అదే మొదటిసారి. పంపి వారాలు గడిచినా జవాబు రాకపోతే ఉత్సాహం చచ్చిపోతుంది. వచ్చిన జవాబు పన్నెండు తప్పుల జాబితా అయితే ఇంకా త్వరగా చచ్చిపోతుంది. మంచి సమీక్షకుడు ఏం మార్చాలో స్పష్టంగా చెబుతాడు, ఎందుకో చెబుతాడు, ఖాళీ జాగాల వంటి చిల్లర వాటిని తానే సరిదిద్దేస్తాడు, వచ్చిన పని పరిధి దాటి కొత్త కోరికలు పెట్టడు. చివరికి దాన్ని లోపల చేర్చే మనిషి తన సొంత తాళంచెవితో సంతకం చేస్తాడు. 2020 నుంచి వాడేవాళ్ల యంత్రం తాజా మార్పులు తెచ్చుకునే ప్రతిసారీ ఆ సంతకాలు సరిచూసుకుంటోంది.

సంతకం పెట్టే అధికారం కొద్దిమందిదే. చదివే అధికారం మాత్రం అందరిదీ. హైదరాబాదులో, విజయవాడలో, ఎక్కడైనా సరే, గీక్స్ వేసుకున్న విద్యార్థి ఒకరు, సమీక్ష కోసం ఎదురుచూస్తున్న నిర్వచనం ఒకటి ఎంచుకుని, తన యంత్రంలో బిల్డ్ చేసి, ప్రోగ్రాం నడిపి చూసి, పది సోర్సు ఫైళ్ల తలలు చదివి, తాను చూసింది చూసినట్టు రాస్తే అదే సమీక్ష. ఫలానా యంత్రంలో బిల్డ్ అయింది, ఫలానా ఫైలు మీద లైసెన్సు వేరుగా ఉంది అన్న రెండు వాక్యాలు కూడా, ఆ తర్వాత చూసేవాళ్లకు ఒక గంట ఆదా చేస్తాయి.